భుజకీర్తులు సరే, చెయ్యి ఎత్తగలడా?

పౌరాణిక నాటకంలో భీముడి గద బరువెంతని ఎవరూ అడగరు. గుమ్మడికాయంత తల ఉన్న గదని భుజాన వేసుకుని ఆయన ఎంతసేపు పద్యం పాడినా మనం వన్స్‌మోరే కొడతాం. అదే మనం వార్‌హామర్ 40,000 (బల్ల మీద సైన్యాల బొమ్మలు పెట్టి పాచికలతో ఆడే యుద్ధపు ఆట) బొమ్మ చేతిలోకి తీసుకోగానే ఇంజినీర్లమైపోతాం. ఇంత లావు కత్తి ఎవడు తిప్పుతాడు, ఆ భుజాల తొడుగుతో గుమ్మంలో ఎలా దూరతాడు, హెల్మెట్ లేకుండా యుద్ధానికి ఎవడైనా వెళ్తాడా... బల్ల మీద బొమ్మలు పెట్టుకుని నలుగురు కూర్చుంటే ఈ వాదన రాకుండా ఉండదు.

వాదించుకోవడంలో తప్పేం లేదు. కాకపోతే చాలామంది పట్టుకోకూడని చోట పట్టుకుంటారు. సైజు మీద పోట్లాట దండగ. సైజు పెరగడానికి గట్టి కారణాలున్నాయి. చూడాల్సింది అతుకుని. ఆయుధం చేతిలో ఎలా కూర్చుంది, తొడుగు ఒంటికి ఎక్కడ వేలాడుతోంది, పట్టీ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోంది, కీలు ఎటు వంగుతుంది. అవి కుదిరాయా, తాటిచెట్టంత కత్తినైనా కన్ను ఒప్పుకుంటుంది. అవి తప్పాయా, కొలత ప్రకారం చేసిన తుపాకీ కూడా గోడకి కొట్టిన మేకులా పరాయిగా కనబడుతుంది.

సైజు లెక్క ముందు తేల్చేద్దాం. ఈ బొమ్మల్ని 28 మిల్లీమీటర్ల బొమ్మలంటారు. మామూలు మనిషితో పోలిస్తే సుమారు 1:60. నిజం కత్తి అలుగు మందం 5 మిల్లీమీటర్లనుకోండి. దాన్ని 60తో భాగిస్తే 0.08 మిల్లీమీటర్లు, అంటే జిరాక్స్ కాగితం కంటే పల్చన. పోత పోస్తే నిలవదు, నిలిచినా డబ్బాలోంచి తీసేలోపు వంగిపోతుంది. అందుకని ప్లాస్టిక్ బొమ్మ చేతిలో కత్తి 0.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని తిరగేసి 60తో గుణిస్తే 36 మిల్లీమీటర్లు. మన పడగ్గది తలుపు మందం! వేలు సంగతీ అంతే. 18 మిల్లీమీటర్ల వేలు 0.3కి దిగుతుంది, దాన్ని బ్రష్షుతో తాకడం కూడా కష్టం. తలా, చేతులూ, ఆయుధాలూ పెంచి చేసే ఈ పద్ధతికి హీరోయిక్ స్కేల్ అని పేరు. మామూలు మనిషి ఏడున్నర తలల పొడవుంటాడు, ఈ బొమ్మ ఐదారు తలలకే ఆగిపోతుంది.

రెండో కారణం దూరం. మామూలు సైజు ఆటకి బల్ల కనీస కొలత 2020 నుంచి 60 అంగుళాలకి 44 అంగుళాలు. ఎదుటివాడు నిలబడేది బల్లకి అవతల. వాడి కళ్లకి మన బొమ్మ చేతిలో ఉన్నది ప్లాస్మా గన్నా, మెల్టానా, ఫ్లేమరా (ఇవన్నీ ఈ ఆటలో తుపాకీల రకాలు) అన్నది అడక్కుండా తెలియాలి, ఎందుకంటే ఏది ఉందో దాన్నిబట్టి పాచికల లెక్క మారుతుంది. అందుకే ప్లాస్మాకి పైన వరసగా చుట్టలు, మెల్టాకి మూతి దగ్గర బెజ్జాల గొట్టం, ఫ్లేమర్‌కి ముక్కు ముందు చిన్న దీపం, ఇంధనం డబ్బా. ఇవి అలంకారాలు కావు, దూరం నుంచి చదివే అక్షరాలు. తోలుబొమ్మల్లో రాముడి విల్లు, హనుమంతుడి తోక తెర మీద నీడలోనే తెలిసిపోయేలా కోసినట్టే ఇక్కడా.

దీనికి పరీక్ష కూడా తోలుబొమ్మలాటదే. బొమ్మని గోడకి ఒక అడుగు దూరంలో పెట్టి, వెనక 3 అడుగుల నుంచి ఫోన్ టార్చి వెయ్యండి. బొమ్మని చూడొద్దు, నీడని చూడండి. నీడలో ఆయుధం పేరు చెప్పగలిగితే డిజైన్ పాసయినట్టే. ఛాతీకి అడ్డంగా పట్టుకున్న తుపాకీ నీడలో మొండెంలో కలిసిపోతుంది, చాలా పాత ప్లాస్టిక్ సెట్లలో లోపం ఇదే. రంగులు మొదలుపెట్టకముందే, అంటించకముందే, అంటించి ఊడదీసుకునే బ్లూ టాక్ ముద్ద‌తో నిలబెట్టి ఈ పని చేస్తే మోచేతిని 10 డిగ్రీలు బయటికి తిప్పడంతో సరిపోతుంది. అంటించాక అయితే రంపం కావాలి.

ఇక అచ్చు. ఈ విషయం తెలియక డిజైనర్ని తిట్టేవాళ్లు ఎక్కువ. ప్లాస్టిక్ బొమ్మల్ని ఉక్కు అచ్చులో పోస్తారు. అచ్చు రెండు ముక్కలు, ఎదురెదురుగా తెరుచుకుంటాయి. ముక్క లోపలికి మడత పడిన చోటు ఏదైనా ఉంటే అచ్చు ఊడి రాదు. అందుకే తుపాకీకి రెండు పక్కలా బోలెడు పని ఉంటుంది, పైనా కిందా బోసిగా ఉంటుంది. అచ్చు గీత సరిగ్గా గొట్టం వెన్ను మీదుగా పోతుంది. గొట్టం మూతికి బెజ్జం లేకపోవడానికి కారణమూ అదే. అచ్చు పక్కలకి తెరుచుకుంటుంది, మూతి ముందుకి చూస్తుంది, బెజ్జం ఎలా పడుతుంది? రబ్బరు అచ్చులో తిప్పి పోసే లోహపు బొమ్మలకి ఈ బాధ తక్కువ. రబ్బరు వంగుతుంది కాబట్టి చిన్న చిన్న మడతలు తప్పించుకుని వచ్చేస్తాయి. పాత లోహపు బొమ్మల అంగీల్లో కనిపించే లోతు మొదటి తరం ప్లాస్టిక్‌లో లేకపోవడం శిల్పి చేతకానితనం కాదు.

బెజ్జం మనమే వెయ్యాలి. ఆయుధం నమ్మకంగా కనబడాలంటే అన్నిటికంటే చవకైన పని ఇదే. చేతి డ్రిల్లు చాలు, మోటారు వద్దు, ప్లాస్టిక్ కరిగి ముద్దవుతుంది. కత్తి మొనతో మూతి నడిమధ్య చిన్న గుంట పొడవండి. 0.5 మిల్లీమీటర్ల బిట్టుతో అర మిల్లీమీటరు లోతు దింపి, ఎదురుగా పట్టుకుని చూడండి. గుంట మధ్యలోనే ఉందా? ఉంటే 1 మిల్లీమీటరు బిట్టు పెట్టి 2 మిల్లీమీటర్ల లోతు చాలు. పక్కకి పోయిందంటే అక్కడే ఆపి, స్ప్రూ (బొమ్మ ముక్కలు అతికి వచ్చే చట్రం) ముక్కలు ప్లాస్టిక్ గ్లూలో కరిగించిన పేస్టుతో పూడ్చి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. పెద్ద బిట్టుతో సర్దుదామనుకుంటే గోడ ఒక పక్క కాగితమై చీలుతుంది. మొత్తం గొట్టమే 1.5 మిల్లీమీటర్లున్నప్పుడు తప్పుకి చోటెక్కడిది?

ఇప్పుడు అసలు రచ్చ జరిగే చోటుకి వద్దాం: ఆ ఆటలో నిలువెల్లా కవచం తొడిగిన మహాసైనికులు, స్పేస్ మెరీన్ల భుజాలు. 1987లో రిక్ ప్రీస్ట్‌లీ రాసిన మొదటి ఆటతోపాటే 30 మంది మెరీన్ల ప్లాస్టిక్ పెట్టె వచ్చింది, ముక్కు పొడుచుకొచ్చిన హెల్మెట్లతో. అప్పటి నుంచీ ఆ గుండ్రటి భుజాల తొడుగులే ఆ బొమ్మకి ముఖం. మన భాషలో వీటికి చక్కటి మాటుంది, భుజకీర్తులు. నిజం యుద్ధకవచాల్లో భుజం రేకు ఒకే ముక్కగా ఉండదు. చేపపొలుసుల్లా రేకులు ఒకదాని మీద ఒకటి జారుతూ, లోపల తోలు పట్టీల మీద వేలాడతాయి. చెయ్యి లేస్తే రేకులు ఒకదాని కిందకి ఒకటి దూరతాయి. 15వ శతాబ్దపు ఇటలీ కవచాల్లో ఎడమ భుజం రేకు పెద్దది, కుడిది చిన్నది, ఎందుకంటే కుడి చంకలో బల్లెం ఇమడాలి. మెరీన్‌ది ఒకే గుండు డిప్ప. చెయ్యి పైకెత్తితే డిప్ప అంచు చెంపకి కొట్టుకుంటుంది.

మరి ఇది తప్పు డిజైనా? నా ఉద్దేశంలో కాదు, ఒక షరతు మీద. డిప్ప భుజానికి కాక చేతికి అతికి ఉందనుకోవాలి, చేతితోపాటు అదీ తిరగాలి. పాత మెరీన్ సెట్లలో డిప్ప విడిగా వచ్చేది, భుజం బంతి మీద ఎటు కావాలంటే అటు తిప్పి అంటించుకోవచ్చు. తప్పు జరిగేది ఇక్కడే. కత్తి పైకెత్తిన చేతికి కూడా డిప్పని నిటారుగా, కిందకి దింపిన చేతికి అంటించినట్టే అంటిస్తారు. అప్పుడు డిప్ప కింద ఖాళీ కనబడుతుంది, చెయ్యి ఎక్కణ్ణుంచో మొలిచినట్టుంటుంది. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చిందంటే డిప్ప పై అంచుని బయటికి 15 డిగ్రీలు వాల్చండి. తలపైకి ఎత్తితే ఇంకా వాల్చి, హెల్మెట్‌కీ అంచుకీ మధ్య కనీసం అర మిల్లీమీటరు వెలుతురు ఉండేలా చూడండి. ఫెవిక్విక్ వాడితే ఇదంతా చేసే వ్యవధి ఉండదు. ప్లాస్టిక్ గ్లూ అయితే రెండు మూడు నిమిషాలు కదపనిస్తుంది.

ఆ డిప్ప ఉన్నందువల్లే మెరీన్ల తుపాకీ బోల్టర్ డిజైన్‌కి ఒక సమర్థన దొరుకుతుంది. చాలా బోల్టర్లకి వెనక భుజాన ఆనించే కర్ర ఉండదు, నిజం రైఫిల్ చూసినవాళ్లకి అది వెలితిగా ఉంటుంది. కానీ గుండ్రటి డిప్ప మీద కర్ర ఆనదు, జారిపోతుంది. కర్ర లేకపోవడమే ఆ కవచానికి కుదిరింది. అదే మామూలు సైనికుడి లేజర్ తుపాకీ, లాస్‌గన్‌కి కర్ర ఉంటుంది, అతనికీ గట్టి భుజం రేకు ఉంటుంది. అక్కడ కర్ర చివర రేకు మీద కాకుండా, రేకుకీ మెడపట్టీకీ మధ్య సందులో, ఛాతీ మీద కూర్చోవాలి. బొమ్మ గురిపెట్టినట్టు చేస్తున్నామంటే ఈ ఒక్క సంగతి చూసుకుంటే చాలు. గూడు కుదరకపోతే రేకు లోపలి అంచుని అర మిల్లీమీటరు చెక్కండి, ఎవరికీ తెలియదు.

బోల్టర్‌లో నాకు నచ్చనిది మ్యాగజైన్. గుండు వ్యాసం 0.75 అంగుళాలని ఆ ప్రపంచపు పుస్తకాలే చెప్తాయి. అంటే 19 మిల్లీమీటర్లు, మన 12 బోర్ తుపాకీ గొట్టం లోపలి వెడల్పు కంటే ఒక పిసరు ఎక్కువ. ఇంట్లో ఉన్న బొమ్మ మీద మ్యాగజైన్ పొడుగు కొలవండి. 5 మిల్లీమీటర్లుందనుకుంటే 60 రెట్లకి 300 మిల్లీమీటర్లు. ఒకే వరసలో పేరిస్తే 15 గుళ్లు, రెండు వరసలుగా సర్దితే పాతిక పైన. అంత గొప్ప తుపాకీకి ఇంతేనా అనిపిస్తుంది. అనిపించినప్పుడు చెయ్యాల్సింది మ్యాగజైన్ పొడిగించడం కాదు, పొడిగిస్తే కింద పెట్టే ఎడమ చెయ్యి ఇమడదు. నడుముకి విడి మ్యాగజైన్లు కట్టండి. సంచీ ఒకటైనా కుడిచేతి తుపాకీకి ఎడమ తుంటి మీద, అందే చోట ఉండాలి. వీపు వెనక సంచీలు పెట్టినవాళ్లు ఆ సైనికుడు వాటిని ఎలా అందుకుంటాడో ఒకసారి కుర్చీలో కూర్చుని ప్రయత్నించి చూడాలి.

బోల్ట్ అంటే గుండులోనే రాకెట్ ఉన్న తూటా. వింతగా వినబడుతుంది గానీ 1960లలో అమెరికాలో జైరోజెట్ అని 13 మిల్లీమీటర్ల రాకెట్ తూటాల పిస్తోలు నిజంగానే చేశారు. దాని రోగం ఏమిటంటే మూతి దాటేటప్పుడు తూటాకి వేగం ఉండదు, కొంత దూరం పోయాకే పుంజుకుంటుంది. బోల్ట్‌కి ముందు మామూలు మందుతో ఒక తోపు, తర్వాత రాకెట్ అని కథలో పెట్టుకున్నారు. అందుకే తుపాకీ పక్కన ఖాళీ గొట్టం బయటపడే కిటికీ చెక్కి ఉంటుంది. రాకెట్ మాత్రమే అయితే ఆ కిటికీకి పనే లేదు. కాబట్టి ఎడమచేతి వాటం బొమ్మ చేసేటప్పుడు కిటికీ మొహంవైపు రాకుండా చూసుకోండి. వచ్చిందంటే అక్కడ ప్లాస్టిక్ పలక ముక్క కప్పి, అవతలి పక్క గీసుకోవడమే.

చెయిన్‌స్వోర్డ్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ వెక్కిరింపు తిన్నదీ, అన్నిటికంటే తక్కువ పరిశీలించినదీ అదే. చెట్లు కోసే మోటారు రంపాన్ని కత్తి పిడికి బిగించారు, అంతే. పని చేస్తుందా? ఎముక దాకా కోస్తుంది, అనుమానం లేదు. గట్టి రంపాల గొలుసు సెకనుకి 20 మీటర్లకి పైగా పరుగెడుతుంది. దాని శత్రువు ఉక్కు మాత్రమే కాదు, గుడ్డ కూడా! రంపం పనివాళ్లు వేసుకునే రక్షణ ప్యాంటు లోపల పొడుగాటి పోగుల పొరలుంటాయి. గొలుసు తగలగానే అవి పీచులుగా లేచి పళ్ల చక్రానికి చుట్టుకుని గొలుసుని ఆపేస్తాయి. ఆ లెక్కన పొడుగు అంగీల మతపిచ్చిగాళ్ల మీద చెయిన్‌స్వోర్డ్ తీసుకెళ్లడం అంత తెలివైన పని కాదు. రెండో చిక్కు పొడవడం. రంపం కొన పైభాగం దేనికైనా తగిలితే పట్టుకున్నవాడి మీదికే ఎగిరి వస్తుంది. అందుకని చెయిన్‌స్వోర్డ్‌తో పొడుస్తున్నట్టు పెట్టిన బొమ్మ నాకు మింగుడు పడదు. పైనుంచి కిందకి నరికే భంగిమే దానికి సరి.

ఇప్పుడు పళ్లు. గొలుసు చుట్టూ తిరిగే వస్తువు. పై అంచున పిడి నుంచి మొనకి పోతుంది, మొన దగ్గర తిరిగి కింది అంచున మొన నుంచి పిడికి వస్తుంది. పన్ను ఎప్పుడూ పోయే దిక్కునే చూస్తుంది. కాబట్టి పై అంచు పళ్లు మొనవైపు వాలితే కింది అంచు పళ్లు పిడివైపు వాలాలి. రెండు అంచుల పళ్లూ మొనవైపే చూస్తున్నాయంటే ఆ గొలుసు చచ్చినా తిరగదు. మీ డబ్బాలో ఉన్న చెయిన్‌స్వోర్డులు తీసి వరసగా పెట్టి చూడండి, ఒక్కటైనా దొరుకుతుంది. బాగు చెయ్యాలంటే పన్ను పన్నూ చెక్కక్కర్లేదు. ఒక అంచు మొత్తం చదును చేసి, 0.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలక నుంచి 1 మిల్లీమీటరు వెడల్పు పట్టీ కోసి, దాన్ని ఆ అంచు మీద మూతలా అంటించండి. గొలుసుకి ఒక పక్క మూత వేసినట్టే ఉంటుంది, సగం గొలుసు దాగి ఉందని కన్ను ఒప్పుకుంటుంది. మోటారు ఎక్కడుందన్న ప్రశ్న మిగులుతుంది. పిడి పైన కనీసం పిడికిలంత డబ్బా లేని చెయిన్‌స్వోర్డ్ నా దృష్టిలో మామూలు రంపపు పళ్ల కత్తే.

దుస్తుల విషయంలో గొంతులు పెద్దవయ్యేది ఆ ఆటలోని స్త్రీల దళం సిస్టర్స్ ఆఫ్ బ్యాటిల్ దగ్గర. 2019 చివర్లో ప్లాస్టిక్‌లో కొత్తగా వచ్చినప్పుడు కూడా ఆ స్త్రీ ఆకారపు ఛాతీ కవచం అలాగే ఉంది. ఒక పక్షం మాట: రెండు గుబ్బల మధ్య పల్లం ఉంటే దెబ్బ జారి నేరుగా రొమ్ముటెముక మీదికే వస్తుంది, నిజం కవచం మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి దెబ్బని పక్కకి తోస్తుంది. మాట నిజమే. రెండో పక్షం మాట: కవచం మీద ఒంటి ఆకారం చెక్కడం కొత్త కాదు, రోమన్ సేనానుల ఛాతీ కవచాల మీద కండలూ బొడ్డూ ఉండేవి. 1540లో ఎనిమిదో హెన్రీకి చేసిన ఉక్కు కవచానికి మగతనం తొడుగు ఎంత పెద్దదో లండన్ టవర్‌లో చూసినవాళ్లకి తెలుసు. ఇదీ నిజమే. దర్పం కోసం కవచం చేయించుకోవడం అన్ని కాలాల్లో ఉంది, గుడినీ సైన్యాన్నీ కలిపేసిన ఆ దళానికి దర్పం ఎక్కువే ఉంటుంది.

అందరూ ఛాతీ మీద కొట్టుకుంటారు గానీ చూడాల్సింది నడుము. నిజం ఛాతీ రేకు పక్కటెముకల కింద, నడుం సన్నబడే చోట ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందకి తోలు పట్టీల మీద రేకులు విడివిడిగా వేలాడతాయి. అలా లేకపోతే మనిషి వంగలేడు, గుర్రం ఎక్కలేడు. ఏ బొమ్మకైనా ఛాతీ నుంచి తుంటి దాకా ఒకే గట్టి ముక్క ఉండి, ఆ బొమ్మ మోకాలు ఛాతీకి తగిలేంత ఎత్తి పరుగెడుతుంటే తప్పు అదీ. గుబ్బలు తీసి చదును చేసినా ఆ తప్పు పోదు. నడుం దగ్గర 0.3 మిల్లీమీటర్ల లోతున రెండు మూడు అడ్డగీతలు కత్తి వెనకవైపుతో గీస్తే, ఒక్క ముక్కే రేకుల వరసలా కనబడుతుంది. పది నిమిషాల పని.

హెల్మెట్ లేని తలల గురించి క్లుప్తంగా చెప్తాను. నాయకుడు ఎవరో తెలియాలి, ముఖం వెయ్యడం చాలామందికి సరదా, అందుకే ఉంటాయి. ఒప్పుకుందాం. కానీ హెల్మెట్ ఎక్కడో ఒకచోట కనబడాలి, తుంటికి వేలాడుతూనో చంకలోనో. ఇంకో సంగతి, హెల్మెట్ తలకి చేసిన మెడ గుంటలో ఉత్త తల పెడితే గడ్డం మెడపట్టీ లోపలికి మునిగిపోతుంది. ఆ మనిషి తల తిప్పలేడు. స్ప్రూ నుంచి 0.5 నుంచి 1 మిల్లీమీటరు మందం బిళ్ల కోసి గుంట అడుగున వేసి, ఆ మీద తల పెట్టండి. గడ్డం పట్టీ పైకి తేలాలి. 2017లో వచ్చిన కొత్త రకం, ప్రైమారిస్ మెరీన్లకి కాళ్లు పొడుగు, ఒడ్డూ పొడుగూ మనిషికి దగ్గరగా ఉంటాయి కాబట్టి పాత తలలు వాటి మీద చిన్నవిగా కూడా కనబడొచ్చు, అంటించే ముందు పెట్టి చూసుకోవాలి.

అతుకు పరీక్షలో పూర్తి మార్కులు ఎవరికంటే నేను 2001లో వచ్చిన గ్రహాంతరవాసుల టావ్ దళానికి ఇస్తాను. వాళ్ల కాల్బలానికి ఎడమ భుజం మీద ఒక్కటే పెద్ద పలక, కుడి భుజం తేలిక. పొడుగాటి పల్స్ రైఫిల్ గురిపెట్టి నిలబడితే శత్రువుకి ఎదురుగా వచ్చేది ఎడమ భుజమే. ఆ పలక అక్కడెందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఓర్కులనే మొరటు గ్రహాంతరవాసుల సంగతి వేరు, వాళ్ల తుపాకీలు పేల్తాయని వాళ్లు నమ్ముతారు గనక పేల్తాయి. అక్కడ వాదనకి తావులేదు, ఇష్టం వచ్చినంత డబ్బా రేకు అంటించుకోవచ్చు. క్రీగ్ అనే మనుషుల దళం పొడుగు కోట్లూ గ్యాస్ మాస్కులూ మొదటి ప్రపంచయుద్ధం నుంచి వచ్చాయి. ఆనాటి ఫ్రెంచి సైనికులు కోటు ముందు మూలల్ని వెనక్కి మడిచి బొత్తాం పెట్టుకునేవారు, మోకాళ్లు ఆడాలని. పరుగెత్తే బొమ్మకి కోటు చెక్కేటప్పుడు ఆ మడత పెట్టడం మర్చిపోతే లుంగీ కట్టుకుని పరుగెత్తినట్టుంటుంది. మాస్కు గొట్టం విషయంలో కూడా, తల పక్కకి తిప్పితే గొట్టం అటే సాగాలి. తల మార్చాక పాత గొట్టం అందదు. గిటార్ లావు తీగ, చుట్టు చుట్టి ఉండేది, 8 మిల్లీమీటర్లు కోసి, రెండు చివరలా 1 మిల్లీమీటరు బెజ్జంలో దింపితే అచ్చం ముడతల గొట్టమే. కాస్త వదులుగా ఉంచండి, బిగుతుగా ఉంటే తల అటే కట్టేసినట్టు ఉంటుంది.

అంగీలూ కేప్‌ల మందానికి చిట్కా ఒకటుంది. ప్లాస్టిక్‌లో అంగీ 1 మిల్లీమీటరు మందం ఉంటుంది, నిజం కొలతలో అది 6 సెంటీమీటర్లు, పరుపు కప్పుకున్నట్టు. మొత్తం పల్చన చెయ్యడం అసాధ్యం, అవసరమూ లేదు. కన్ను అంచునే చూస్తుంది. లోపలివైపు నుంచి, అంచుకి 2 మిల్లీమీటర్ల మేర, కత్తిని వాలుగా పెట్టి గోకుతూ పోండి. అంచు కాగితంలా పల్చబడగానే మిగతాదంతా గుడ్డే అనిపిస్తుంది. కత్తితో కోయకూడదు, గోకాలి. కోస్తే ఒక్క జారుడుకి అంచు పళ్లు పళ్లుగా చీలుతుంది.

త్రీడీ ప్రింటు ఫైళ్ల దగ్గర ఈ గొడవలన్నీ రెట్టింపవుతాయి. గీసేవాడు తెర మీద అరడుగు బొమ్మని చూస్తూ గీస్తాడు, మనం 28 మిల్లీమీటర్లకి దింపుతాం. తెర మీద అందమైన సన్నటి కత్తి రెజిన్‌లో 0.3 మిల్లీమీటర్లకి వచ్చి, ఊతాలు తుంచేటప్పుడే విరిగిపోతుంది. అలుగులకి 0.6, తుపాకీ గొట్టాలకి 0.8 కంటే తగ్గనివ్వకండి. ఫైల్లోనే ఆయుధాన్ని విడదీసి మందం మాత్రం పెంచి, పొడుగు అలాగే ఉంచితే ఆకారం చెడదు. రంగు ముందు వేసే ప్రైమర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. విశాఖ, కాకినాడల వానాకాలపు తేమలో డబ్బా స్ప్రే కొడితే తెల్లటి పొగలా పడుతుంది. హైదరాబాదు మే ఎండలో రంగు గాల్లోనే ఆరి ఇసుకలా కూర్చుంటుంది. రెండు చోట్లా 0.3 మిల్లీమీటర్ల రివెట్లూ పట్టీ బొత్తాలూ పూడుకుపోతాయి. అలాంటి రోజుల్లో బ్రష్షుతో వేసే ప్రైమర్ రెండు పల్చటి పూతలు మేలు.

చివరిది, పట్టీలు. చెయిన్‌స్వోర్డ్‌కి ఒర ఉండదు. కథలో అయస్కాంతంతో తొడకి అతుక్కుంటుందని చెప్తారు, బొమ్మ మీద అది జిగురుతో అంటించినట్టే ఉంటుంది. ఒక కొక్కెం, ఒక పట్టీ ఇస్తే బాగుపడుతుంది. మాత్రల పట్టీ వెనకుండే రేకుని 1 మిల్లీమీటరు వెడల్పున కోసుకోండి, దాని కంటే మంచి తోలు పట్టీ దొరకదు. రెండు ముద్దలు కలిపితే గట్టిపడే గ్రీన్ స్టఫ్‌తో చేస్తే నీలం, పసుపు సమానంగా తీసుకోవాలి. రెండూ కలిసి అమ్మే పట్టీ అయితే మధ్యలో అవి తగులుకున్న చోట గట్టిపడి ఉంటుంది, ఆ గీతని ముందే కోసి పారెయ్యండి, లేకపోతే నలకలు వస్తాయి. వాజిలీన్ రాసిన ప్లాస్టిక్ పలక మీద పల్చగా ఒత్తి, ముప్పావుగంట వదిలేసి, సగం గట్టిపడ్డాక కొత్త బ్లేడుతో పట్టీలు కోయాలి. వెంటనే కోస్తే సాగిపోతాయి, మర్నాడు కోస్తే గట్టిపడి ఒంటికి సరిగా వంగవు. అంటించేటప్పుడు బరువు ఎటు లాగుతోందో చూడండి. ఆయుధం వేలాడుతున్న వైపు పట్టీ గీత గీసినట్టు బిగుతుగా, మిగిలిన కొస బకిల్ దాటాక వదులుగా, కిందకి వాలి ఉండాలి. రెండు వైపులా బిగుతుగా ఉన్నా తప్పే, రెండు వైపులా వదులుగా ఉన్నా తప్పే. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున బొమ్మని తలకిందులుగా పట్టుకుని కింది నుంచి ఒకసారి చూస్తే, ఎక్కడైనా పట్టీ ఒంటికి ఆనకుండా గాల్లో తేలుతుంటే అప్పుడు బయటపడుతుంది.